ఫైర్‌వైర్‌కు కాలం చెల్లిందా?

ప్రశ్న: పెళ్ళి వీడియోలు తీయడం, మిక్సింగ్ చేయడం మా వృత్తి. 2011 వరకు తీసినవన్నీ మినీ డీవీ క్యాసెట్లలోనే ఉన్నాయి. ఫైర్‌వైర్ పోర్టు (కెమెరా నుంచి వీడియోను కేబుల్‌తో దించుకునే పోర్టు) ఉన్న పాత కంప్యూటర్ తీసేసి కొత్తది కొందామంటే, ఆ పోర్టుకు ఎప్పుడో కాలం చెల్లిందని మా అబ్బాయి అంటున్నాడు. పాతదాన్ని వదులుకోవద్దని తోటి మిక్సింగ్ వాళ్ళు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ అబ్బాయి రేపు చేయబోయే పని గురించి మాట్లాడుతున్నాడు, మీ తోటివారు బీరువాలోని క్యాసెట్ల గురించి మాట్లాడుతున్నారు, కాబట్టి ఇద్దరూ చెప్పింది నిజమే. కెమెరాలు టేపును వదిలి మెమరీ కార్డులకు మారడంతోనే కొత్త పనికి ఫైర్‌వైర్ అవసరం తీరిపోయింది.

కంపెనీ పోర్టు తీసేసినంత మాత్రాన వృత్తిదారులు దాన్ని వదిలేయరు. 2008లో ఆపిల్ అల్యూమినియం మ్యాక్‌బుక్‌లో ఫైర్‌వైర్ లేకుండా చేసినప్పుడు వీడియో, ఆడియో పనివారు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మరుసటి ఏడాది అదే 13 అంగుళాల యంత్రం ప్రో పేరుతో, ఫైర్‌వైర్ 800 పోర్టుతో వచ్చింది. 2012 నాటి రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో ఆ పోర్టు మళ్ళీ పోయినా, థండర్‌బోల్ట్ అనే మరో పోర్టుకు తగిలించే అడాప్టర్‌తో పని నడిచింది. అసలు దెబ్బ 2025లో పడింది: ఆపిల్ కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ కొత్త రూపం మ్యాక్ ఓఎస్ టాహో ఫైర్‌వైర్‌ను గుర్తించడమే మానేసింది, ఇక ఎన్ని అడాప్టర్లు తగిలించినా కెమెరా కనిపించదు. నా దృష్టిలో ఒక పోర్టుకు నిజంగా కాలం చెల్లేది డ్రైవర్ (పరికరాన్ని కంప్యూటర్ గుర్తించేలా చేసే సాఫ్ట్‌వేర్) ఆగిపోయినప్పుడే కానీ, పెట్టె మీద రంధ్రం మాయమైనప్పుడు కాదు.

మీరు కొనబోయేది విండోస్ డెస్క్‌టాప్ అయితే, మదర్‌బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉన్నది చూసి ఫైర్‌వైర్ కార్డు వేయించుకోవచ్చు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న కార్డులకు మంచి పేరుంది. అయినా ఆ కార్డుతో రెండు మూడు క్యాసెట్లు పూర్తిగా క్యాప్చర్ అయ్యేదాకా పాత కంప్యూటర్‌ను అమ్మవద్దు. ఒక చివర ఫైర్‌వైర్, మరో చివర యూఎస్‌బీ ఉండే చవక కేబుళ్ళను మాత్రం కొనకండి. ఆ రెండూ వేర్వేరు పద్ధతుల్లో పనిచేస్తాయి కాబట్టి ఉత్త తీగలు కలిపినంత మాత్రాన డీవీ వీడియో రాదు. పసుపు రంగు వీడియో అవుట్ నుంచి యూఎస్‌బీ క్యాప్చర్ పరికరంతో తీస్తే బొమ్మ వస్తుంది కానీ, డిజిటల్‌గా ఉన్నదాన్ని అనలాగ్ చేసి మళ్ళీ డిజిటల్ చేసినట్టవుతుంది. ఫైర్‌వైర్ అయితే టేపు మీద ఉన్న డేటాను ఉన్నదున్నట్టుగా దించుతుంది. గంట క్యాసెట్‌కు సుమారు 13 జీబీ పడుతుంది, సమయమూ గంటే.

ఆరు పిన్నుల ఫైర్‌వైర్ సాకెట్‌లో కరెంటు ఉంటుంది, ప్లగ్గును తిరగేసి బలవంతంగా తోస్తే కెమెరా పోర్టు కాలిపోవచ్చు. అందుకే కెమెరా, కంప్యూటర్ రెండింటినీ ఆపి, ఆ తరువాతే కేబుల్ పెట్టండి.

నిజానికి పోర్టు కంటే ముందు మీకు దొరకకుండా పోయేది క్యాసెట్ తిప్పే కెమెరా. టేపును చదివే హెడ్లు అరిగిపోతున్నాయి, విడిభాగాలు దొరకడం కష్టం, తేమ తగిలిన టేపులకు బూజు పడుతోంది. ఎల్‌పీ మోడ్‌లో (టేపు ఎక్కువసేపు వచ్చేలా నెమ్మదిగా తిప్పి) తీసినవి వేరే కెమెరాలో సరిగా ఆడకపోవచ్చు కాబట్టి, తీసిన కెమెరా ఇంకా పనిచేస్తూ ఉంటే ముందుగా వాటినే దించుకోండి.

ప్రశ్న: మా కళాశాల ప్రొజెక్టర్లన్నీ వీజీఏవే (పాత అనలాగ్ వీడియో పోర్టువే). వాటిని మార్చాల్సిందేనా?
- ఒక అధ్యాపకురాలు, వరంగల్

జవాబు: బొమ్మ స్పష్టంగా కనిపిస్తున్నంతకాలం అక్కర్లేదు. 2015 నాటికి వీజీఏను వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ వంటి కంపెనీలు 2010లోనే ప్రకటించాయి. గోడలకు బిగించిన ప్రొజెక్టర్లు మాత్రం ఆ మాట వినలేదు. హెచ్‌డీఎంఐ సంకేతాన్ని వీజీఏగా మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ ఒక్కో గదికి ఒకటి కొని, ప్రొజెక్టర్ కేబుల్‌కే కట్టి ఉంచండి.