బ్రిడ్జర్టన్ నవలను మా నాన్నగారికి చదివి వినిపించినప్పుడు

తోటలో ఒక్క ముద్దు పెట్టుకున్నందుకే పెళ్లి చేసేయడం నమ్మేలా ఉందా, బ్రిటిష్ కులీనుల పరువు గొడవల మీద వచ్చే ఈ ప్రేమనవలలు చదవదగ్గవేనా అని బ్రిడ్జర్టన్ నవలల గురించి ఒకరు నన్ను అడిగారు. నమ్మదగిందే, చదవదగ్గవే, కాకపోతే వీటిని ప్రేమకథలుగా కాక ఆస్తి తగాదాలుగా చదవాలి. ఈ సంగతి నాకు తెలిసింది మా నాన్నగారి వల్ల.

ఆయన సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం ఎదుట ముప్పై ఏళ్లకు పైగా దస్తావేజు లేఖరిగా పనిచేశారు. కంట్లో శుక్లం తీయించుకుని, పత్రిక కూడా చదవలేక విసుగెత్తి కూర్చున్న రోజుల్లో, నా చేతిలో ఉన్న నవలను తెలుగులో చెప్పమన్నారు. అది జూలియా క్విన్ అనే అమెరికా రచయిత్రి బ్రిడ్జర్టన్ అనే కుటుంబంలోని ఎనిమిదిమంది తోబుట్టువుల మీద రాసిన ఎనిమిది నవలల్లో మొదటిది, 2000లో వచ్చింది. 1813 నాటి లండన్‌లో డాఫ్నీ అనే అమ్మాయి, సైమన్ అనే డ్యూక్ (కులీనుల్లో అందరికన్నా పెద్ద బిరుదున్నవాడు) రాత్రిపూట తోటలో ఆమె అన్న కంట పడతారు. పెళ్లాడనన్న సైమన్‌ను ఆ అన్న పిస్తోళ్ల పోరుకు పిలుస్తాడు. డాఫ్నీ వెళ్లి అడ్డుపడితే, తాను పిల్లల్ని కనలేనని సైమన్ చెబుతాడు.

నాన్నగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. "కనలేనన్నాడా, కననన్నాడా? సరిగ్గా చూసి చెప్పమ్మా."

"కనలేననే అన్నాడు నాన్నగారూ."

"అయితే తగాదా అక్కడే పుడుతుంది, చూస్తూ ఉండు."

సరిగ్గా అక్కడే పుట్టింది. నత్తి ఉందని చిన్నప్పుడు తనను ఈసడించిన తండ్రి మీద కసితో, వంశాన్నీ బిరుదునూ తనతోనే అంతం చేయాలని సైమన్ ఒట్టు పెట్టుకున్నాడే తప్ప అతనిలో ఏ లోపమూ లేదు. నేను దాటేసిన పడకగది పుటల గురించి నాన్నగారు అడగలేదు. "ఇక్కడ కాగితాలు చాలానే పోయినట్టున్నాయి" అని మాత్రం అన్నారు.

అమ్మాయి పేరిట ఏం రాశారన్నది ఆయన తరువాతి ప్రశ్న. ఆనాటి ఇంగ్లాండులో పెళ్లైతే స్త్రీ చరాస్తి భర్త పరమయ్యేది, భూమి సాధారణంగా పెద్దకొడుకుకే దక్కేది. అందుకే స్తోమత ఉన్న కుటుంబాలు పెళ్లికి ముందే లాయర్లను కూర్చోబెట్టి, భార్య చేతిఖర్చు ఎంత, విధవరాలైతే భరణం ఎంత, పెద్దకొడుకు కాని మిగతా పిల్లల వాటా ఎంత అని ఒప్పందం రాయించుకునేవి. 1857కు ముందు విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లాడాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టమే చేయించుకోవాలి. భార్యకు సొంత ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గాని రాలేదు. ఇన్ని కట్లున్న చోట ఒక్క పుకారు లేస్తే చాలు, ఆ అమ్మాయి తరఫున బేరానికి కూర్చునే దిక్కుండదు. ఈ నవలల్లో లేడీ విజిల్‌డౌన్ అనే మారుపేరుతో వెలువడే పుకార్ల పత్రిక నాకైతే మిర్చి యార్డులో రోజూ రాసే ధరల పట్టీలా కనిపిస్తుంది.

నాకు గిట్టనివీ ఉన్నాయి. ఆ కాలంలో రాజకుటుంబం బయట డ్యూకులు మహా అయితే ముప్పైమంది. ఈ తరహా నవలల్లో మాత్రం వీధికొకడు, అందరూ యువకులే, అందగాళ్లే. ఆ విందుల్లోని చక్కెర ఎక్కడిదో ఎవరూ అడగరు. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో నిషేధించినా, కరీబియన్ చెరకు తోటల్లో బానిసత్వం 1830ల దాకా సాగింది.

ఒక్కటే చదవదలిస్తే రెండోది చదవండి. అది సైమన్‌ను పోరుకు పిలిచిన ఆ పెద్దన్న ఆంథొనీ కథ. మొదటిది ముగిసిన రాత్రే నాన్నగారు, "ఆస్తంతా ఆ పెద్దవాడిదేగా, వాడి సంగతి ఎప్పుడు చెబుతావు?" అని అడిగారు.