సలహాయే అయితే ఇంత గోల దేనికి?

ప్రశ్న: వాతావరణ మార్పుపై హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2025 జులైలో చెప్పింది ఉత్త సలహా అనీ, ఎవరూ పాటించక్కర్లేదనీ మా క్లాసులో కొందరు కొట్టిపారేస్తున్నారు. మరి దానిమీద ఇన్ని వ్యాసాలు, సెమినార్లు ఎందుకు? మన దేశానికి అది లాభమా, నష్టమా?
– లా విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ క్లాసువాళ్లు చెప్పింది సగం కరెక్టే. అది పాటించి తీరాలని ఏ దేశం మెడలూ వంచలేరు. అక్కడే ఆగిపోతే మాత్రం హిందూ మహాసముద్రంలో బ్రిటన్ పాలనలో ఉన్న, మారిషస్ తనవేనంటూ వచ్చిన చాగోస్ దీవుల సంగతి అర్థం కాదు. బ్రిటన్ ఆ దీవుల్లో తన పాలనకి వీలైనంత త్వరగా స్వస్తి చెప్పాలని 2019 ఫిబ్రవరిలో ఇదే కోర్టు అంది, అదీ సలహాయే, బ్రిటన్ కూడా అచ్చం మీవాళ్లలాగే మాట్లాడింది. తర్వాత మారిషస్, మాల్దీవుల సముద్ర సరిహద్దు తగాదా హాంబర్గ్‌లోని సముద్ర న్యాయ ట్రిబ్యునల్‌కి వెళ్లింది. సలహాకి కట్టుబడాల్సిన పని లేకపోయినా అందులో కోర్టు తేల్చిన న్యాయ విషయాలకి విలువ ఉంటుందని 2021లో అక్కడి ప్రత్యేక బెంచి చెప్పి, ఆ దీవులు మారిషస్‌వే అన్న లెక్కన కేసు నడిపించింది. చివరికి 2025 మేలో బ్రిటన్ అప్పగింత ఒప్పందం మీద సంతకం పెట్టింది. అక్కడి డియేగో గార్సియా దీవిలోని సైనిక స్థావరాన్ని 99 ఏళ్ల లీజుకి అట్టిపెట్టుకుందిలెండి, బ్రిటన్ బ్రిటనే కదా.

వాతావరణం కేసుకి వద్దాం. దీన్ని మొదలుపెట్టింది మీలాంటి లా విద్యార్థులే. 2019లో పసిఫిక్‌లోని చిన్న ద్వీపదేశం వనువాటులో సౌత్ పసిఫిక్ యూనివర్సిటీ క్యాంపస్‌లో 27 మంది కలిసి ఎత్తుకున్న ఆలోచన 2023 మార్చికల్లా, ఈ కోర్టు అభిప్రాయం చెప్పాలని కోరే ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానం అయింది. అసలు వాదమంతా ఒక్కచోటే నడిచింది. పారిస్ ఒప్పందం లాంటి వాతావరణ ఒప్పందాలు ఉండగా ఇంకే చట్టం జోలికీ వెళ్లొద్దని పెద్ద దేశాలు పట్టుబట్టాయి. 15 మంది జడ్జిలూ ఏకగ్రీవంగా దాన్ని తోసిపుచ్చారు. ఆ ఒప్పందాలతో పాటు, పక్కదేశానికి హాని జరగకుండా జాగ్రత్తపడాలన్న పాత ఆచార సూత్రమూ (ఒప్పందంలో రాసుకోకపోయినా దేశాల ఆనవాయితీతో చట్టమైనది) అందరికీ వర్తిస్తుందన్నారు. బొగ్గు, చమురు తవ్వకాలకి లైసెన్సులు, సబ్సిడీలు ఇవ్వడం కూడా తప్పు కిందికి రావచ్చన్నారు.

ఇక్కడే మనకి ఇబ్బంది. ధనిక దేశాలు వందేళ్లకు పైగా పొగ వదిలి ఇప్పుడు అందరినీ సమానంగా మొయ్యమంటే ఎలా అని 2024 డిసెంబర్ విచారణలో మన ప్రతినిధులు గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్న. దాంతోపాటు, ఉన్న ఒప్పందాలు దాటి కొత్త బాధ్యతలు పెట్టొద్దని కూడా అన్నారు, అంటే ఆ ఒక్క విషయంలో అమెరికా పక్కన నిలబడ్డాం. నాకైతే ఇది నచ్చలేదు. మనకి బొగ్గూ కావాలి, ఉప్పాడలో ఇళ్లు సముద్రంలో కలవకుండానూ ఉండాలి!

వ్యాసాలు ఎందుకన్నారు కదా. అంతర్జాతీయ న్యాయం వలస పాలనలోనే రూపుదిద్దుకుందని ఆంటొనీ ఆంఘీ, మన బి.ఎస్. చిమ్ని లాంటి న్యాయ పండితులు ఏళ్లుగా వాదిస్తున్నారు. ఆ కళ్లతో చూస్తే ఈ అభిప్రాయంలో పెద్ద ఖాళీ ఒకటి కనిపిస్తుంది: పాత కాలుష్యానికి ఎవరి వాటా ఎంతో కోర్టు తేల్చలేదు, ఏ కేసుకా కేసు చూసుకోవాలంది. మీ ప్రశ్నకి నా జవాబు: నష్టపరిహారం అడిగే రోజున లాభం, లైసెన్సులిచ్చే రోజున టెన్షన్.

ప్రశ్న: ఈ రంగంలో తెలుగువాళ్లు ఎవరైనా పైకి వచ్చారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వచ్చారండీ, మనమే పట్టించుకోలేదు. అప్పటి కృష్ణా జిల్లా వీరులపాడులో పుట్టిన పాటిబండ్ల చంద్రశేఖరరావు గారు, పైన చెప్పిన హాంబర్గ్ ట్రిబ్యునల్‌లో 1996 నుంచి 2017 దాకా జడ్జి, 1999 నుంచి 2002 వరకు అధ్యక్షుడు కూడా. కేరళ జాలర్లని ఇటలీ నావికులు కాల్చిన కేసులో మధ్యవర్తుల్లో ఒకరుగా ఉండగా 2018లో ఆయన చనిపోతే, ఆ స్థానంలోకి వచ్చింది పెమ్మరాజు శ్రీనివాసరావు గారు. సరిహద్దు దాటే హానిని ముందే ఆపాలన్న సూత్రం మీద ఐక్యరాజ్యసమితి న్యాయ సంఘం 2001లో ముసాయిదా తయారుచేసినప్పుడు దానికి ప్రత్యేక నివేదకుడు, అంటే ఆ అంశాన్ని పరిశీలించి నివేదికలిచ్చే బాధ్యుడు, ఈ శ్రీనివాసరావు గారే. మొత్తం 19 అధికరణాలే, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. గుంటూరు అమ్మాయి క్లాసులో వాదనకి దిగేముందు అది ఒకసారి చదువుకుంటే మంచిది.