టెక్ సందేహాలు: విరిగిన పానాకు వారంటీ రాబట్టడం ఎలా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం చేతి పనిముట్ల గురించే. అందుకని ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల సంగతి వచ్చేసారికి పెట్టి, వీటికే జవాబులు చెబుతున్నాం.

అరంగుళం రాచెట్ (సాకెట్ తగిలించి, తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ బోల్టు తిప్పే పానా) కొని ఏడాదిన్నర అయింది. కారు లోయర్ ఆర్మ్ బోల్టు విప్పుతుంటే సాకెట్ తగిలించే చదరపు మొన పుటుక్కున విరిగింది. డబ్బా మీద లైఫ్‌టైమ్ వారంటీ అని ఉంది. కొన్న షాపుకు తీసుకెళ్తే "వాడి విరగ్గొట్టిన దానికి వారంటీ ఏంటి" అని తిప్పి పంపేశారు. ఏం చేయాలి?
*ఒక మెకానిక్, గాజువాక ఆటోనగర్*

ముందుగా ఒక మాట. విరిగిన మొనను గ్రైండర్ మీద పెట్టకండి, వెల్డింగ్ చేయించకండి. విరిగిన చోటే మీ సాక్ష్యం. చాలామంది క్లెయిములు అక్కడే పోగొట్టుకుంటున్నారు. పని ఆగకూడదని అతుకు వేయించి, అది మళ్లీ ఊడాక కంపెనీకి రాస్తారు. అతుకు వేసిన పనిముట్టును ఏ కంపెనీ తీసుకోదు.

లైఫ్‌టైమ్ అంటే చాలా బ్రాండ్ల లెక్కలో ఆ పనిముట్టు మామూలుగా పనిచేసే కాలమంతా అని. మీ జీవితకాలం అని కాదు. అది కూడా తయారీ లోపానికీ, లోహం లోపానికీ మాత్రమే. అరుగుదల, తుప్పు, పైపు తొడిగి తిప్పడం, దెబ్బలు కొడుతూ బోల్టులు తిప్పే మెషిన్ అయిన ఇంపాక్ట్ గన్‌కు మెరిసే క్రోమ్ సాకెట్ వాడడం ఇందులోకి రావు. కాబట్టి విరిగింది మీ చేతి బలానికా, ఉక్కులో ఉన్న లోపానికా అన్నదే అసలు ప్రశ్న. దానికి విరిగిన ముఖమే చాలావరకు జవాబు చెబుతుంది.

పగటి వెలుతురులో ఆ ముఖాన్ని దగ్గరగా పెట్టుకుని చూడండి. ముఖమంతా ఒకే తీరుగా, పంచదార పలుకుల్లా బూడిద రంగులో మెరుస్తుంటే ఒక్క దెబ్బకు విరిగినట్టు. ఇది మోయలేనంత బలం పడినా కావచ్చు, ఉక్కును మరీ గట్టిగా కాల్చి పెళుసు చేసినా కావచ్చు. అంచు దగ్గర ఒక మూల మాత్రం నల్లగా, పొరకట్టినట్టు ఉండి, మిగతాది తాజాగా మెరుస్తుంటే మీ వాదనకు బలం వచ్చినట్టే. ఆ నలుపు ఫ్యాక్టరీలో ఉక్కును కాల్చి చల్లార్చినప్పుడే పగులు పుట్టిందనడానికి గుర్తు. అదే మూల గోధుమరంగు తుప్పుతో ఉంటే, వాడుతుండగా ఎప్పుడో పగులు మొదలై తేమ పట్టిందని అర్థం. మొన మెలి తిరిగి, స్క్రూలా వంగి తెగితే మాత్రం అది అధిక బలమే. అలాంటప్పుడు వాదనకు దిగకుండా "రిపేర్ కిట్ అమ్ముతారా" అని అడగండి. రాచెట్లకు లోపలి గేరు, పాల్ (గేరు పళ్లలో పడి ఆపే చిన్న కొక్కెం), స్ప్రింగు కలిపి కిట్‌గా అమ్మే బ్రాండ్లు ఉన్నాయి.

విశాఖలో ఇంకో చిక్కుంది. ఇక్కడి ఉప్పుగాలికి తాజాగా విరిగిన ఉక్కు ఒకట్రెండు రోజుల్లోనే ఎర్రబారుతుంది. ఆ తర్వాత నలుపేదో తుప్పేదో ఎవరూ చెప్పలేరు. అందుకే విరిగిన రోజే ఫోటోలు తీయండి. తీశాకే పల్చటి నూనె రాసి, రెండు ముక్కలనూ జిప్ కవర్లో పెట్టండి. ముక్కలను ఒకదానికొకటి ఆనించి సరిచూడొద్దు, రాసుకుంటే గుర్తులు చెరిగిపోతాయి.

ఫోటోల విషయంలో ఓపిక కావాలి. తెల్ల కాగితం పరిచి, నీడలో కిటికీ పక్కన పెట్టండి. ఫ్లాష్ వద్దు. మెరుపు వచ్చిందంటే లోపం కనిపించదు. చవక ఫోన్లలో మ్యాక్రో కెమెరా చాలావరకు 2 మెగాపిక్సెల్‌దే ఉంటుంది, దానికన్నా కాస్త వెనక్కి జరిగి మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి తీయడం మేలు. వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడే గరుకుదనం తెలుస్తుంది. స్కేలు పక్కన పెట్టి మొత్తం పనిముట్టు ఒకటి, రెండు ముక్కలు పక్కపక్కన ఒకటి, విరిగిన ముఖం రెండు మూడు కోణాల్లో, హ్యాండిల్ మీది బ్రాండు పేరు, పార్ట్ నంబరు, బ్యాచ్ కోడ్ ఒకటి, బిల్లు ఒకటి. హ్యాండిల్ మీద అక్షరాలు అరిగి కనిపించకపోతే సుద్దముక్క రుద్ది పైపైన తుడవండి. గాళ్లలో సుద్ద నిలిచి అక్షరాలు తెల్లగా తేలతాయి.

ఇక రాయడం. షాపు దారి మూసుకుంటే కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్ పెట్టండి. వారంటీ ఇచ్చింది కంపెనీ, షాపు మధ్యలో దారి మాత్రమే. మెయిల్లో కొన్న తేదీ, షాపు పేరు, పార్ట్ నంబరు, ఏ సైజు బోల్టు మీద వాడారు, చేత్తోనే తిప్పారా, విరిగిన తేదీ ఇవి చాలు. నాలుగైదు వాక్యాల్లో ముగించండి. పైపు తొడిగి తిప్పి ఉంటే దాచొద్దు. హ్యాండిల్ మీద పైపు నొక్కిన గీతలు వాళ్లు చూడగానే గుర్తుపడతారు, అప్పుడు మీరు చెప్పిన నిజాలు కూడా నమ్మరు. వాట్సాప్‌లో అడిగితే ఫోటోలను ఫోటోలుగా కాక డాక్యుమెంటుగా పంపండి. లేదంటే కుదించేసి, నల్లటి మూల కాస్తా మసకైపోతుంది.

వాళ్లు పార్సిల్ పంపమనేలోపు పంపొద్దు. ముందు క్లెయిమ్ నంబరు తీసుకుని కవరు మీద రాయండి, పంపే ఖర్చు ఎవరిదో అడిగి రాతలో తీసుకోండి. సెట్‌లో ఒక్కటి విరిగితే సాధారణంగా ఆ ఒక్కటే ఇస్తారు, మొత్తం సెట్ ఆశించకండి.

మా దగ్గర ఇంకో రాచెట్ ఉంది. విరగలేదు కానీ జారి ఖాళీగా తిరుగుతోంది. వారంటీ వస్తుందా?
*అదే ఉత్తరం*

క్లెయిముకు ముందు ఒక పని చేయండి. దిశ మార్చే మీట పక్కన కాస్త కిరోసిన్ వేసి, రెండు వైపులా పదిసార్లు తిప్పండి. పాత మురికి కరిగి వస్తుంది. తుడిచి రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయండి. చిక్కటి గ్రీజు పట్టిస్తే పాల్ గేరు పళ్లలో వెంటనే పడదు, అందుకే జారుతుంది. ఇది చేశాకా జారితే పళ్ల కొనలు విరిగి ఉంటాయి. అప్పుడు జారుతుండగా పది సెకన్ల వీడియో తీసి పంపండి. కంపెనీ చెప్పకుండా మూత మాత్రం తెరవొద్దు.

బిల్లు థర్మల్ కాగితం. తెల్లగా అయిపోయింది. షాపు ఉంది కానీ "పాత బిల్లులు మా దగ్గర ఉండవు" అంటున్నారు.
*మర్రిపాలెం నుంచి*

ఉండాలండీ. జీఎస్టీ నమోదు ఉన్న వ్యాపారి లెక్కలనూ రికార్డులనూ ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు దాచాలని సీజీఎస్టీ చట్టం 36వ సెక్షన్ చెబుతోంది. వెతకడం కష్టమన్న మాట నిజమే, కాబట్టి మీరు పని తేలిక చేయండి. యూపీఐ యాప్ హిస్టరీలో ఆ షాపు పేరు, తేదీ, మొత్తం వెతికి స్క్రీన్‌షాట్ తీసి చూపించండి. తేదీ, మొత్తం తెలిస్తే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డూప్లికేట్ నిమిషాల్లో వస్తుంది. యాప్‌లో పాత లావాదేవీలు కనిపించకపోతే ఆ నెల బ్యాంకు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి. బిల్లు కోసం చూస్తున్నామంటూ కంపెనీకి యూపీఐ రసీదునూ వెంటనే పంపేయండి, కొన్ని చోట్ల దానితోనే ఒప్పుకుంటారు.

ఇకముందు థర్మల్ బిల్లును కొన్న రోజే ఫోన్‌లో స్కాన్ చేసి పీడీఎఫ్‌గా దాచండి. ప్లాస్టిక్ కవర్లో, బైకు డిక్కీలో పెడితే వేడికీ ప్లాస్టిక్‌లోని రసాయనాలకీ అక్షరాలు పోతాయి. లామినేషన్ అసలు చేయించొద్దు, వేడికి కాగితమంతా నల్లబడుతుంది. బిల్లు ఇచ్చేటప్పుడే సరుకు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడు కూడా చూడండి. పానాలు, సాకెట్లకు 8204, కటింగ్ ప్లయర్లకు 8203 ఉంటుంది. చేతిరాత చిట్టీ మీద "టూల్స్" అని ఒక్క ముక్క రాసిస్తే, అది ఏ పనిముట్టు బిల్లో కంపెనీకి ఎలా తెలుస్తుంది? పార్ట్ నంబరు కూడా రాయమని అడగండి.

ఆన్‌లైన్‌లో స్పానర్ సెట్ కొన్నాం. 13 నంబరు నోరు తెరుచుకుపోయింది. కంపెనీ "మా అధీకృత విక్రేత కాదు" అంటోంది. విక్రేత పేజీయే కనపడడం లేదు.
*మధురవాడ నుంచి*

రెండు విషయాలు వేరు చేసి చూడాలి. 13 నోరు ఎందుకు తెరుచుకుంది? 13 అంటే 13 మిల్లీమీటర్లు. దాన్ని అరంగుళం తల ఉన్న బోల్టుకు వాడారేమో చూడండి. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ బోల్టు తల మీద 13 వాడితే 0.3 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది, నోరు మూలల మీదే బరువంతా పడుతుంది. నోరు లోపలి అంచులు గుండ్రంగా అరిగి ఉంటే కంపెనీ ఇదే చెబుతుంది. అంచులు పదునుగా ఉండీ నోరు సాగిందంటే ఉక్కు మెత్తనిదని వాదించవచ్చు.

విక్రేత సంగతి. మీ ఆర్డర్ పేజీలో ఇన్‌వాయిస్ పీడీఎఫ్ ఉంటుంది, తెరవండి. అందులో విక్రేత జీఎస్టీ నమోదు నంబరు, అంటే జీఎస్టీఐఎన్, 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రం చెబుతాయి, 37 అంటే ఆంధ్రప్రదేశ్, 36 తెలంగాణ, 07 ఢిల్లీ. ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో పన్ను చెల్లింపుదారుల వెతుకులాటలో పెడితే నమోదు నడుస్తోందో రద్దయిందో తెలుస్తుంది. ఆ స్క్రీన్‌షాట్‌ను, పాడైన స్పానర్ ఫోటోలను కలిపి అమ్మిన వేదికలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు పంపండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. "విక్రేతతో మాట్లాడుకోండి" అని ఒక్క వాక్యంతో తేల్చేస్తే, ఆ జవాబునే దాచుకుని ముందుకెళ్లండి.

ముందుకెళ్లడమంటే మొదట 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఖర్చు లేదు, తెలుగులో చెప్పవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వస్తువులకు రుసుము లేదు. వివాదం పుట్టిన రెండేళ్లలోపు వేయాలి. అమ్మినవాళ్లు ఢిల్లీలో ఉన్నా, మీరు నివసించే విశాఖలోనే వేసుకునే వీలు 2019 చట్టం ఇచ్చింది. మెకానిక్‌లకు ఒక సందేహం ఉంటుంది, "పని కోసం కొన్నాం కదా, మేం వినియోగదారులమేనా" అని. సొంత ఉపాధి కోసం, కేవలం బతుకుదెరువుకు కొని వాడుకునే వస్తువును చట్టం వాణిజ్య అవసరంగా లెక్కించదు. ఒంటరిగా షెడ్డు నడుపుకునేవాళ్లు వెనక్కి తగ్గనక్కర్లేదు.

ఇంకొక్కటి. బిల్లు అడుగున "అమ్మిన సరుకు వెనక్కి తీసుకోబడదు" అని అచ్చేసి ఉంటే భయపడొద్దు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి అవుతుంది.

కటింగ్ ప్లయర్ దవడలో గుండ్రంగా నల్లటి గంటు పడింది. మార్చిస్తారా?
*ఒక ఎలక్ట్రీషియన్, అక్కయ్యపాలెం*

ఇవ్వరు. కరెంటు ఉన్న వైరును కత్తిరించినప్పుడు మంట రేగి ఉక్కు కరిగిన గుర్తు అది. ఆ గంటు కంటే మీ చేతి గురించి కంగారు పడాలి. ఎర్రటి రబ్బరు తొడుగు ఉన్నంత మాత్రాన ప్లయర్ కరెంటును ఆపదు. పట్టు కోసం వేసే తొడుగులు చాలా ఉంటాయి. రెండు త్రిభుజాల గుర్తు, 1000 వోల్టుల ముద్ర, ఐఈసీ 60900 (కరెంటు పని పనిముట్ల అంతర్జాతీయ ప్రమాణం) అన్నవి పిడి మీద ఉన్నదే వైరింగ్ పనికి తీసుకోండి. ఆ తొడుగుకు చిన్న కోత పడినా మార్చేయండి, టేపు చుట్టి నడిపించవద్దు.

టార్క్ రెంచ్ (పెట్టిన బలం రాగానే క్లిక్‌మనే పానా) ముందే క్లిక్‌మంటోంది. వారంటీలో సరిచేస్తారా?
*పెదగంట్యాడ నుంచి*

కాలిబ్రేషన్, అంటే కొలత, తప్పడాన్ని చాలా బ్రాండ్లు వారంటీలో లెక్కించవు. ఐఎస్‌ఓ 6789 ప్రకారం 12 నెలలకోసారి లేదా 5000 క్లిక్కులకోసారి సరిచూడాలి, దానికి డబ్బు కట్టాల్సిందే. పని అయ్యాక స్కేలును దాని మీది అతి తక్కువ విలువ దగ్గరికి తిప్పి పెట్టండి. 100 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి పెట్టెలో వదిలేస్తే, నెలల తరబడి నొక్కుకుపోయిన స్ప్రింగు బలహీనమై ముందే క్లిక్‌మంటుంది. ఆ అతి తక్కువ విలువ కంటే కిందికి మాత్రం తిప్పకండి, లోపలి భాగాలు వదులైపోతాయి.