ప్లాస్టిక్ తగ్గించాలంటే ముందు ఏమీ కొనకు

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంట్లో ప్లాస్టిక్ తగ్గించడానికి ఏమేం కొనాలో చెప్పమని అడిగావు. మొదటి వారం ఏమీ కొనకమ్మా. ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు పారేయకు కూడా. పారేస్తే అవి ఈరోజే చెత్తలో చేరతాయి, వాటి చోట పెట్టడానికి ఇంకేదో కొనాల్సివస్తుంది. పగిలేదాకా పొడి సరుకులకో, సూదీదారాలకో, మేకులకో వాడుకో. వేడి పదార్థాలు మాత్రం వాటిలో పొయ్యకు, మైక్రోవేవ్‌లో అసలే పెట్టకు. వేడి తగిలిన ప్లాస్టిక్ నుంచి కంటికి కనబడని రేణువులు, తయారీలో కలిపిన రసాయనాలు తిండిలోకి ఎక్కువగా దిగుతాయి.

ఆ వారం చెయ్యాల్సింది ఒకటే పని. పారెయ్యబోయే ప్రతి ప్లాస్టిక్ ముక్కనీ కడిగి, ఆరబెట్టి, ఒక గోనెసంచిలో వెయ్యి. వారం ఆఖర్న నేలమీద పోసి వేరుచెయ్యి: కవర్లు, సరుకుల ప్యాకెట్లు, సీసాలు, చిరుతిళ్ల రేపర్లు, స్నానాలగది సామాను. తూకం వెయ్యకు, లెక్కపెట్టు. రేపర్లు తూగవు, కానీ ఎక్కువ ఇబ్బంది వాటితోనే. అందరూ చేతి కవర్లనే తిడతారు గానీ, చాలా ఇళ్లలో వంటింటి ప్యాకెట్ల కుప్పే పెద్దది. నీ ఇంట్లో ఏది పెద్దదో దాంతోనే మొదలుపెట్టు. ఒక కుప్ప సర్దుకున్నాకే రెండోది. అన్నీ ఒకేసారి మార్చబోతే ఇంట్లోవాళ్లు విసిగిపోతారు.

సరుకులు విడిగా దొరికితే డబ్బా పట్టుకెళ్లు. ఖాళీ డబ్బా బరువు అడుగున మార్కర్‌తో రాసిపెట్టుకుంటే, తూచేటప్పుడు తీసెయ్యడం సులువు. విడిగా దొరక్కపోతే చిన్న ప్యాకెట్లు నాలుగు తెచ్చే బదులు పెద్దది ఒకటి తెచ్చుకో, అయితే పాడయ్యేలోపు అయిపోయేంతే. సరుకు పారబోస్తే ప్యాకెట్టు మిగిల్చిన లాభం ఎగిరిపోతుంది.

గాజుసీసాల కోసం బజారుకు వెళ్లకు, ఇంట్లో ఖాళీ అయినవే చాలు. లేబులు ఊడాలంటే వేడినీళ్లలో కాస్త వాషింగ్ సోడా వేసి అరగంట నానబెట్టు. మిగిలిన జిగురుకి వంటనూనె రాసి పావుగంటాగి సబ్బుతో తోము. తరవాత పూర్తిగా ఆరనివ్వడం ముఖ్యం. అంచు మలుపులో తడి మిగిలితే పిండి గడ్డకడుతుంది, బూజు పడుతుంది. రాత్రంతా బోర్లించి, పొద్దున తిప్పి పూటంతా గాలికి పెట్టు.

విడి పప్పులు, గింజల్లో పురుగు గుడ్లు ఉండొచ్చు. మూతపెట్టిన డబ్బాలో పోసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులుంచితే చస్తాయి. బయటికి తీశాక వెంటనే మూత తియ్యకు. చల్లని గింజలకి గాలిలోని తేమ పట్టి తడిసిపోతాయి. గది వేడికి వచ్చేదాకా ఆగు. ఫ్రీజర్‌లో గాజుసీసాతో పులుసులాంటివి పెడితే పైన రెండు వేళ్ల ఖాళీ వదులు. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. మెడ సన్నగా ఉన్న సీసాలైతే పగిలిపోతాయి, వాటిని ఫ్రీజర్‌లో పెట్టనే వద్దు.

కవరు మానేశాక ఆకుకూరలు వాడిపోతున్నాయని చాలామంది మళ్లీ కవరుకే వెళ్తారు. వాడిపోవడానికి కారణం ఉంది. కవరు తేమను బయటికి పోనివ్వదు, గుడ్డ పోనిస్తుంది. అందుకని పిండేసిన తడిగుడ్డలో చుట్టి, ఆ మూటను మూతున్న స్టీలు డబ్బాలో పెట్టు. వాడబోయే ముందే కడుగు, ముందే కడిగి పెడితే కుళ్లుతుంది. క్యారెట్, ముల్లంగికి ఆకులు కోసేసి పెట్టు, లేకపోతే దుంపలోని నీరంతా ఆకులు లాగేసుకుంటాయి.

గుడ్డసంచులు దొంతర్లుగా పోగెయ్యకు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో వేసిన లెక్క ప్రకారం, భూమిని వేడెక్కించే విషయంలో ఒక నూలుసంచి, ఒక్కసారి వాడి పారేసిన పల్చటి ప్లాస్టిక్ కవరుతో సమానం కావాలంటే 131 సార్లు వాడాలి. కాబట్టి నాలుగైదుతో సరిపెట్టి, చిరిగేదాకా వాడు. సంచి మరిచిపోవడం ఎక్కడ జరుగుతుందంటే, సరుకులు సర్దిన తరవాత. ఖాళీ అయిన క్షణమే గుమ్మం దగ్గర తగిలించు.

గిన్నెలు తోమే స్పాంజి కూడా ప్లాస్టిక్కే. బీరపీచు, కొబ్బరిపీచు బాగా పనిచేస్తాయి, వాడాక నీళ్లు కారేలా వేలాడదియ్యి. ద్రవసబ్బు బదులు సబ్బుబిళ్ల, అడుగున చిల్లులున్న పెట్టెలో. పాలిస్టర్ బట్టలు ఉతికినప్పుడల్లా సన్నని ప్లాస్టిక్ పోగులు నీళ్లలో కలుస్తాయి. మెషిన్ నిండా వేసి, చన్నీళ్లతో, తక్కువసేపు ఉతికితే ఆ రాపిడి తగ్గుతుంది.

ప్యాకెట్ల మీది మాటల్ని తేలిగ్గా నమ్మకు. ‘కంపోస్టబుల్’ అని రాసినవాటిలో చాలావరకు 60 డిగ్రీల దగ్గర వేడి నిలిచే పెద్ద కంపోస్ట్ కేంద్రాల్లోనే కుళ్లుతాయి, పెరటి కుప్పలో అలాగే ఉండిపోతాయి. త్వరగా విరిగిపోయేలా రసాయనం కలిపిన ‘ఆక్సో’ రకాల ప్లాస్టిక్కులు కుళ్లవు, ముక్కలవుతాయంతే. సీసా, డబ్బాల మీద ముద్రించిన త్రికోణంలోని అంకె ప్లాస్టిక్ రకాన్ని చెప్పేదే గాని, మళ్లీ పనికొస్తుందన్న హామీ కాదు. 1, 2 అంకెల సీసాలకు గిరాకీ ఎక్కువ, 5 కొన్నిచోట్ల తీసుకుంటారు, 3, 6, 7 చాలాచోట్ల తీసుకోరు. లోపల వెండిరంగున్న చిరుతిళ్ల రేపర్లలో పొరలు విడదియ్యలేనంతగా అతుక్కుని ఉంటాయి, అందుకే వాటినీ చాలాచోట్ల తీసుకోరు. నల్లటి ట్రేలను ప్లాస్టిక్ రకాలు వేరుచేసే చాలా యంత్రాలు గుర్తుపట్టవు, ఆ నలుపులోని కార్బన్ యంత్రం పంపే కిరణాల్ని మింగేస్తుంది. 2017లో అచ్చయిన ఒక అధ్యయనం అంచనా ప్రకారం, 2015 దాకా ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో రీసైకిల్ అయింది 9 శాతమే. అందుకే ఇంట్లోకి రానివ్వకపోవడం మీదే నీ శ్రమ పెట్టమంటాను.

వచ్చినదాన్ని గిన్నెలు కడిగిన నీళ్లతోనే శుభ్రం చేసి ఆరబెట్టు. జిడ్డు, తడి అంటిన ప్లాస్టిక్ పక్కనున్న కాగితాన్ని కూడా పాడుచేస్తుంది. మూతలు సీసాకే బిగించి ఇవ్వాలో, విడిగా ఇవ్వాలో చెత్త తీసుకెళ్లేవాళ్లనే అడుగు. ఏదీ కాల్చకు. పైపులకు వాడే పీవీసీ రకం ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లనే విషాలు పుడతాయి, అవి ఒంట్లో చేరితే ఏళ్ల తరబడి పోవు.

మందుల జోలికి, జబ్బుపడినవాళ్లకు కావాల్సిన వస్తువుల జోలికి వెళ్లకు. పాపాయి పాలసీసా ప్లాస్టిక్‌దే అయితే మార్చకపోయినా పరవాలేదు, వాడే తీరు మార్చు. మరిగించి శుభ్రం చేసిన సీసాను, స్టీలు గిన్నెలో కాచి చల్లార్చిన నీళ్లతో మూడుసార్లు కడుగు. పాలపొడి వేడినీళ్లలో కలపడం శుభ్రమైన గాజు పాత్రలోనో స్టీలు పాత్రలోనో చెయ్యి. గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పొయ్యి, పోశాక గట్టిగా కుదపకు.

ఉంటాను,
పెద్దమ్మ