పీకినా పీకినా మొలిచే ముళ్ళ తోటకూర: ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా ఆపాలి?

ఊరి చివర స్థలంలో కూరగాయలు వేద్దామని నిరుడు రెండు ట్రక్కుల పశువుల ఎరువు తోలించామని, అప్పటి నుంచి కణుపు కణుపుకీ ముళ్ళున్న తోటకూర లాంటి మొక్క స్థలమంతా కమ్మేసిందని రాశారు. ఎవరూ నాటకుండా ఎలా వచ్చింది, ఎంత పీకినా ఎందుకు పోవడం లేదు, గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొడితే పోతుందా, పోనీ తోటకూరే కదా వండుకోవచ్చా అని అడిగారు. నేను డిగ్రీలో బోటనీ చదివాను. ఇప్పుడు మైలవరం వైపు మా సొంత నేలలో మిరప, వంగ, బెండ పండిస్తున్నాను. మా చేలో ఈ మొక్కతో చాలా ఏళ్ళుగా పోరాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

ముందు మొక్క అదేనని తేల్చుకోండి. ఆకు తొడిమ కాండానికి అతుక్కునే చోట జతగా రెండు ముళ్ళు నిటారుగా పొడుచుకుని ఉంటే అది ముళ్ళ తోటకూరే. శాస్త్రీయ నామం అమరాంథస్ స్పైనోసస్, 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. మన చేలలో కనబడే తోటకూర జాతుల్లో ఇలా జంట ముళ్ళుండేది ఇదొక్కటే. కాండం నున్నగా, చాలా వరకు ఎర్రగా ఉంటుంది. కొన్ని మొక్కల ఆకుల మీద లేత రంగు మచ్చ కూడా కనిపిస్తుంది. గట్ల మీద, రోడ్ల పక్కన మొలిచే చిలక తోటకూర దీనికి దగ్గరి బంధువే కానీ దానికి ముళ్ళుండవు, దాని కాయ పైపొర ముడతలు పడి ఉంటుంది. నాలుగాకుల వయసులో రెండింటినీ వేరుచేసి చూడటం కష్టం. కలుపు తీసేవాళ్ళకు ఆ తేడాతో పనేమీ లేదు, రెండూ పీకాల్సినవే.

ఇది మన నేలలో పుట్టిన మొక్క కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణమండలం. ఐరోపా ఓడలు అటూ ఇటూ తిరగడం మొదలైన తర్వాత ప్రపంచంలోని వేడి ప్రాంతాలన్నిటికీ పాకింది. ఇప్పుడు ఆసియా, ఆఫ్రికా దేశాల్లో ఇది లేని కూరగాయల మడి అరుదు. మనుషులు నేలను తవ్వి, ఎరువేసి, నీళ్ళు పెట్టిన ప్రతిచోటా దీనికి చోటు దొరికింది. దట్టమైన అడవి నీడలో ఇది బతకలేదు. దున్నిన చేను, పశువుల పాక చుట్టుపక్కల నేల, పెంటపోగు, కాలవగట్టు, ఖాళీ ప్లాటు, ఇవే దీని చోట్లు.

మీ స్థలంలోకి ఎలా వచ్చిందంటే, నాకైతే అనుమానం లేదు, ఎరువుతోనే వచ్చింది. ముళ్ళ వల్ల ముదురు మొక్కను గేదెలు, ఆవులు మూతి పెట్టవు. పచ్చిక అంతా మేసేసి దీన్ని మాత్రం వదిలేస్తాయి. అందుకే పశువులు తిరిగే బీళ్ళలో చివరికి ఇదే మిగిలి విత్తనం రాలుస్తుంది. కోసుకొచ్చిన పచ్చిగడ్డిలో కలిసి వచ్చిన మొక్కల విత్తనాలు మాత్రం పశువు కడుపులోకి వెళ్తాయి. తోటకూర జాతి విత్తనం పైపొర గట్టిది, అందులో కొంత భాగం పేడలో ప్రాణంతోనే బయటికొస్తుంది. పిట్టల ద్వారా కూడా అంతే. వీటన్నిటికంటే పెద్ద దారి ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఏ ఊళ్ళోనైనా వానాకాలంలో పెంటపోగు పక్కకెళ్ళి చూడండి. పోగు వాలు మీద, దాని చుట్టూ నడుమెత్తు ముళ్ళ తోటకూర నిలబడి ఉంటుంది. అది అక్కడే పండి ఆ పోగులోకే రాలుతుంది. వేసవిలో ట్రాక్టరుకెత్తినప్పుడు ఎరువుతో పాటు ఆ విత్తనమూ మీ చేలోకి చేరుతుంది. మా ఎరువు పోగు మీద మొలిచినవన్నీ పూతకు రాకముందే పీకించడం మొదలుపెట్టాక, మిరప సాళ్ళలో కలుపు మనుషుల ఖర్చు కళ్ళకు కనబడేటంత తగ్గింది.

విత్తనం సంగతి ఇంకాస్త చెప్పాలి, అసలు చిక్కంతా అక్కడే ఉంది. గింజ నల్లగా, తళతళలాడుతూ, అడ్డంగా ఒక మిల్లీమీటరుకు మించకుండా ఉంటుంది. బాగా ఎదిగిన ఒక్క మొక్క లక్షకు పైగా గింజలివ్వగలదు. మగపూలు, ఆడపూలు విడివిడిగా, కానీ ఒకే మొక్క మీద పూస్తాయి. కొమ్మల చివర సాగే పొడవాటి కంకుల్లో ఎక్కువగా మగపూలు, కంకి మొదట్లోనూ ఆకుల చంకల్లో ముళ్ళ పక్కన ఉండే గుత్తుల్లోనూ ఆడపూలు. పుప్పొడిని గాలే మోస్తుంది, తేనెటీగలతో పని లేదు. తన పుప్పొడితో తానే కాయగలదు కాబట్టి కొత్త చోట ఒక్క మొక్క బతికినా చాలు, ఏడాది తిరిగేసరికి మంద తయారవుతుంది.

ఈ పూల అమరికను మనసులో పెట్టుకుంటే పొలంలో పనికొస్తుంది. పైన కంకి ఇంకా పచ్చగా ఉంది, గింజ పట్టలేదు, వచ్చే వారం పీకిద్దాంలే అనుకుంటారు చాలామంది. అప్పటికే కింద ఆకుల చంకల్లో గింజ ముదిరిపోయి ఉంటుంది. అనుమానంగా ఉంటే కింది కణుపు దగ్గరి గుత్తిని గిల్లి అరచేతిలో నలపండి. నల్ల గింజలు కనిపిస్తే ఆ మొక్కను గట్టు మీద పారేయకండి, సంచిలో వేసి బయటికి తీసుకుపోండి. పీకి గట్టున పడేసిన మొక్కలో కూడా పచ్చి గింజ కొంత ముదురుతుంది, వానకు మళ్ళీ చేలోకే కొట్టుకొస్తుంది.

ఇక పీకినా ఎందుకు వస్తోందన్న ప్రశ్న. ఇది ఏడాది మొక్క. తుంగకు ఉన్నట్టు కింద గడ్డ ఉండదు, గరికలా వేరు నుంచి పాకదు. వేరుతో సహా వచ్చిన మొక్క మళ్ళీ రాదు. కొడవలితో పైపైన కోస్తే మాత్రం మిగిలిన మోడు కణుపుల నుంచి కొమ్మలేసి, నేలకు దగ్గరగా గుబురుగా పెరిగి అక్కడే కాస్తుంది. అది ఇంకా చేటు. మీరు పీకుతున్నా కొత్తవి వస్తున్నాయంటే అవి వేరే గింజల నుంచి వస్తున్నవి. ఇంత చిన్న గింజలో దాచుకున్న ఆహారం చాలా తక్కువ కాబట్టి పైనున్న ఒకటి రెండు సెంటీమీటర్ల మట్టిలో ఉన్నవే ఎక్కువగా మొలుస్తాయి. వెలుతురు తగిలితే మరింత బాగా మొలుస్తాయి. లోతులో పడ్డవి మొలవకుండా నిద్రపోతాయి. మనం పారతోనో గొప్పుతోనో తిరగేసిన ప్రతిసారీ కింద నిద్రపోతున్నవాటిని పైకి తెచ్చి ఎండ చూపిస్తున్నాం. పీకడం కోసం తవ్విన తవ్వే తర్వాతి విడతకు నారుమడి అవుతుంది.

ఎంతకాలం నిద్రపోతాయంటే, ఎక్కువ భాగం కొన్నేళ్ళలోనే చచ్చిపోతాయి, కొన్ని మాత్రం మొండివి. అమెరికాలోని మిచిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో కలుపు విత్తనాలను ఇసుకతో కలిపి సీసాల్లో పాతిపెట్టి, కొన్నేళ్ళకొక సీసా చొప్పున తీసి మొలకెత్తించే ప్రయోగం మొదలుపెట్టాడు. అందులో దీని దగ్గరి జాతి అమరాంథస్ రెట్రోఫ్లెక్సస్ గింజలు 40 ఏళ్ళ తర్వాత కూడా మొలిచాయి. మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఒక్క ఏడాది నిర్లక్ష్యం ఎన్నేళ్ళు వెంటాడుతుందో తెలియాలని చెప్తున్నాను.

ఎండలు ముదిరినప్పుడు మిరప మొక్క వాడిపోయి తలవాల్చుకుంటే పక్కనే ఇది ఏపుగా ఎదగడం చూసి మీకు ఒళ్ళు మండే ఉంటుంది. దానికీ కారణముంది. తోటకూర జాతి మొక్కలు జొన్న, మొక్కజొన్నల్లాగే సీ-4 పద్ధతిలో ఆహారం తయారు చేసుకుంటాయి. అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడును ఆకు లోపల ఒకచోట పోగుచేసుకుని వాడుకుంటాయి. దానివల్ల తీవ్రమైన వేడిలో కూడా పెరుగుదల ఆగదు, అదే నీటితో ఎక్కువ ఎదుగుతాయి. మిరప, వంగ, బెండ, టమాటా మామూలు సీ-3 పంటలు, ఆ సౌకర్యం వాటికి లేదు. దానికి తోడు నత్రజని అంటే దీనికి ప్రాణం. యూరియా చల్లితే మీ పంటకంటే ముందు ఇదే లాగేసుకుంటుంది. మొలిచిన నెలా నెలన్నరకే పూతకు వస్తుంది.

అందుకని మీరు చేయాల్సింది నేను చేసే వరసలోనే చెప్తాను. విత్తనం వేసే ముందు మడి సిద్ధం చేసి, తడిపి, రెండు వారాలు ఊరికే వదిలేయండి. పైనున్న గింజలు చాలా వరకు మొలుస్తాయి. అప్పుడు లోతుగా తవ్వకుండా పైపైన గొప్పుతో గీరేయండి. వీలైతే ఇంకోసారి తడిపి అదే చేయండి. ఆ తర్వాత మట్టిని తిరగేయకుండా నారు నాటండి. సాళ్ళ మధ్య ఎండుగడ్డి గానీ చెరకు పిప్పి గానీ మందంగా పరిస్తే వెలుతురు అందక చాలా వరకు ఆగిపోతాయి. మల్చింగ్ షీటు వేస్తే మొక్క చుట్టూ ఉన్న రంధ్రం దగ్గర మాత్రమే చూసుకోవాలి. మీది చిన్న స్థలం కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో నేల తడిపి, పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు మట్టితో మూసి నెల పైన ఉంచగలిగితే పైపొరలోని గింజల్లో చాలా భాగం ఆ వేడికి చస్తాయి. నల్ల షీటు ఈ పనికి అంతగా పనికిరాదు, దాని కింద వేడి నేలలోకి అంత దిగదు.

పీకడానికి వాన పడిన మర్నాడు బాగుంటుంది. తల్లివేరు తెగకుండా వస్తుంది. ముళ్ళు గట్టిపడక ముందే, జానెడు లోపు ఉన్నప్పుడే తీయించండి. ముదిరాక కూలికి వచ్చిన ఆడవాళ్ళ వేళ్ళు చిల్లులు పడతాయి, విరిగిన ముల్లు లోపల ఉండిపోతే చీము పడుతుంది. తోలు చేతి తొడుగులు ఇవ్వకుండా ముదురు మొక్కలు పీకించడం తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

గ్లైఫోసేట్ విషయంలో నా సమాధానం వద్దనే. అది పచ్చగా ఉన్న మొక్కనే చంపుతుంది, మట్టిలోని గింజను ముట్టుకోదు, కాబట్టి మీ సమస్య అలాగే ఉంటుంది. పక్కన కూరగాయల మీద జల్లు పడితే అవీ పోతాయి. పైగా దాని వాడకాన్ని లైసెన్సున్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అన్నిటికంటే ఆలోచించాల్సింది అమెరికా అనుభవం. అక్కడ పత్తి, సోయా చేలలో ఏటా అదే మందు కొట్టగా కొట్టగా, 2000ల మధ్యలో జార్జియా రాష్ట్రంలో దీని దాయాది అమరాంథస్ పాల్మెరీ ఆ మందుకు చావడం మానేసింది. మందు దెబ్బతీసే ఎంజైముకు చెందిన జన్యువును ఆ మొక్కలు పదుల రెట్లు, కొన్ని వంద రెట్లకు పైగా పెంచుకున్నాయని 2010లో తేలింది. ఆ తర్వాత మిసిసిపీలో, పాల్మెరీతో సంకరం జరిగి అదే జన్యువు మన ముళ్ళ తోటకూరలోకి కూడా చేరినట్టు బయటపడింది. గడ్డి మందును తట్టుకునే పత్తి విత్తనాలు, అనుమతి లేకపోయినా, మన దగ్గర దొంగచాటుగా అమ్ముతున్న రోజుల్లో, ఈ సంగతి మన రైతులందరికీ తెలియాలి.

తినడం గురించి. తినచ్చు. ముళ్ళు రాకముందు లేత చివుళ్ళు, ముదిరిన మొక్కకైతే ఆకులు మాత్రం దూసి వండుకోవచ్చు. మా అత్తగారు తొలకరి వానలకు మొలిచిన లేత మొక్కలు ఏరి కందిపప్పులో వేసి, చింతపండు పులుపుతో వండేవారు. మామూలు తోటకూర కంటే ఆకు కాస్త మొరటుగా ఉంటుంది, రుచికి మాత్రం లోటు లేదు. రెండు జాగ్రత్తలు చెప్తాను. యూరియా బాగా వేసిన నేలలో, పెంటపోగుల మీద, మురుగు కాలవల పక్కన పెరిగినవాటిని ముట్టుకోకండి. ఈ జాతి మొక్కలు, ఎక్కువైతే ఒంటికి చేటు చేసే నైట్రేటును కాడల్లో పోగేసుకుంటాయి. బాగా ఆకలి మీదున్న పశువులకు ఇలాంటివి కోసి గంపలకొద్దీ వేయకపోవడం కూడా అందుకే. మనుషులైతే ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుకుంటే నైట్రేటు, కిడ్నీలో రాళ్ళకు దారితీసే ఆక్సలేటు రెండూ తగ్గుతాయి. ఇంట్లో కిడ్నీ రాళ్ళున్నవాళ్ళుంటే వాళ్ళకు పెట్టకండి.

ఈసారి ఎరువు కొనేటప్పుడు ముందు ఆ పోగు దగ్గరికెళ్ళి చూసి, మీద ఇవి మొలిచి ఉంటే వేరే చోట తీసుకోండి. ఇప్పటికే తెచ్చి మిగిలిన కుప్ప ఉంటే దాన్ని అలాగే చల్లకండి. నీళ్ళు చల్లి, పచ్చి ఆకు కలిపి ఎత్తుగా పేర్చి, లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుట్టనివ్వండి. వేడి తగ్గగానే బయటి వైపు ఉన్నది లోపలికి వచ్చేలా తిరగేసి మళ్ళీ పేర్చండి, గింజలు మిగిలేది ఆ చల్లటి అంచుల్లోనే. గోబర్ గ్యాస్ ప్లాంటు ఉన్నవాళ్ళు ఎవరైనా దగ్గర్లో ఉంటే గ్యాస్ తీశాక మిగిలే పేడ నీళ్ళు, అంటే స్లరీ, ఇంకా మేలు. పూతకొచ్చిన మొక్కలు ఇప్పుడు స్థలంలో ఉంటే మిగతా పనులన్నీ పక్కనపెట్టి ముందు అవి తీయించండి.