ఊరి పేరు పేపర్లో పడకముందు

తల్లీ,

కళ్యాణదుర్గం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళ ఫలితాలు జనానికి చెప్పే పని నీ మీద పెట్టినారంట, మీ నాయన ఫోన్లో చెప్పినాడు. నీళ్ళలో ఎక్కువైతే పళ్ళనూ ఎముకలనూ చెడగొట్టే ఫ్లోరైడును చాన్నాళ్ళు ల్యాబులో కొలిచినోన్ని. ఆ పనిలోనే పెద్ద తప్పు కూడా చేసినోన్ని. అందుకే రాస్తున్నా.

ఊర్లో దిగగానే ‘మీ నీళ్ళలో విషముంది’ అనొద్దు. ఫ్లోరైడుకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు హద్దు. 1.6 ఉన్న బోరూ, 4 ఉన్న బోరూ రెండూ హద్దు దాటినవే. కానీ రెండిటికీ ఒకే మాట చెప్తే జనాన్ని మోసం చేసినట్లే. ఎవరో ఒక అవ్వ లేచి, ‘అయితే మమ్మల్ని ఏం తాగమంటావు పాపా?’ అంటుంది. జవాబు చేతిలో లేకుండా పోవద్దు. సత్యసాయి పథకం మంచినీళ్ళు ఆ ఊరికి ఎన్నాళ్ళకోసారి వస్తున్నాయో ముందే కనుక్కో. వచ్చేది రెండు బిందెలే అయితే ఎనిమిదేళ్ళ లోపు పిల్లోళ్ళకు ముందు పొయ్యమను, పళ్ళు తయారయ్యే వయసు అది. కాచి తాగితే పోతుందా అని తప్పకుండా అడుగుతారు. ఆవిరయ్యేది నీళ్ళే, ఫ్లోరైడు గిన్నెలోనే ఉంటుంది.

మోకాళ్ళు చూపించి ‘ఇది దానివల్లేనా?’ అంటే, ‘నాకు తెల్దు, డాక్టరు చూడాల’ అను. ఫిల్టర్లు అమ్మేటోళ్ళు మీటింగుకు షామియానా వేస్తామంటారు. వాళ్ళ మిషను ఫ్లోరైడు తీస్తే తీస్తుందనే చెప్పు గానీ, వాళ్ళ బ్యానరు కింద మాత్రం నిలబడొద్దు.

ఇంక నా తప్పు. ఒక ఊర్లో మూడు బోర్లుంటే బడి దగ్గరి దాంట్లో ఎక్కువ వచ్చింది. ఊరోళ్ళకు చెప్పకముందే, గొప్పకు పోయి, తెలిసిన విలేకరికి ఊరి పేరు చెప్పినా. తెల్లారి పేపర్లో ‘ఫ్లోరైడు ఊరు’ అని పడింది. ఒక్క బోరుదాన్ని ఊరంతటికీ పూసినట్లైంది. కొన్నాళ్ళకు ఒకాయన ల్యాబుకొచ్చినాడు. బిడ్డను చూడ్డానికొచ్చినోళ్ళు ఊరి పేరు తెలిసి కాఫీ కూడా తాగకుండా లేచిపోయినారంట. తిట్టలేదు. టవల్లో చుట్టిన సీసా నా బల్ల మీద పెట్టి, ‘సార్, ఇది మా వీధి బోరు. దీని గురించి కూడా రాయించండి’ అన్నాడు. చూస్తే 0.8 వచ్చింది. ఆ అంకె ఏ పేపరూ వేయలేదు.

అందుకని ఫలితం చీటీ మీద ఊరి పేరొకటే రాస్తే చాలదు. బోరు ఎక్కడుంది, నీళ్ళు ఏ రోజు పట్టినారు అన్నీ రాయి. మొదట ఆ నీళ్ళు తాగేటోళ్ళకే చూపించు.

ఆదివారం ఇంటికి రా. అటక మీద నీళ్ళు పరీక్ష చేసే పాత కిట్టుంది, అందులో కలిపే మందు కొత్తది వేసుకోవాల. ఫ్లోరైడు ఎక్కువుంటే ట్యూబులో రంగు గులాబీ నుంచి పసుపుకు తిరుగుతుంది. కచ్చితమైన అంకె ల్యాబులోనే తేలేది, ఆ సంగతి కూడా చెప్పు. కానీ ఆ ట్యూబు నువ్వు పట్టుకోవద్దు, ఆ ఊరి బడిపిల్లతో పట్టించు.

మీ చిన్నాయన
అనంతపురం