ఎలక్ట్రిక్ బేస్ ఫోన్‌లో ఎందుకు వినపడదు?

సన్నాయి, డోలు, ల్యాప్‌టాప్ ధ్వనులతో కలిపి కూర్చిన సంగీతాన్ని ఫోన్‌లో వింటే ఎలక్ట్రిక్ బేస్ (మంద్ర స్వరాలు పలికే గిటార్) మాయమవడానికి కారణం చిన్న స్పీకరే. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా కింది స్వరం సుమారు 41 హెర్ట్జ్, అంటే సెకనుకు 41 కంపనాలు. అంత మంద్రం పలకాలంటే చాలా గాలి కదలాలి, గోరంత స్పీకరుకు అది సాధ్యం కాదు. అయితే అదే తీగలో 82, 123 హెర్ట్జ్ హార్మోనిక్స్ (మూల స్వరానికి రెండింతలు, మూడింతలుగా ఉండే పై స్వరాలు) కూడా పలుకుతాయి, ఇంకా పైవీ ఉంటాయి. ఆ పైవి గట్టిగా ఉంటే, లేని కింది స్వరాన్ని మెదడు తనే పూరించుకుంటుంది. ఎంత అద్భుతమో! ఉదాహరణకు, కోనసీమ తీర్థంలో, ఫోన్‌లాగే మంద్రం సరిగా పలకని హారన్ మైకుల మీద వినిపించాల్సిన ముక్కయితే బేస్‌కు కాస్త డిస్టార్షన్ (ధ్వనిని కావాలనే బరకగా మార్చే ఎఫెక్ట్) కలపాలి. హార్మోనిక్స్ పెరిగి సన్నాయి కింద బేస్ నడక తెలుస్తుంది. వాల్యూమ్ పెంచితే చాలనుకుంటారు చాలామంది. దానివల్ల ఫోన్‌లో పెద్దగా మార్పుండదు, పెద్ద స్పీకర్లలో మాత్రం డోలు దెబ్బ మునిగిపోతుంది.